ఎంత బలం పెడుతున్నామో తెలుసుకోవడం ఎలా: శ్రమానుభూతిని గుర్తించి, కొలిచి, వాడుకునేందుకు ఒక సమగ్ర మార్గదర్శి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పొద్దున్నే భుజానికెత్తిన మిర్చి బస్తా, మధ్యాహ్నం మూడు దాటాక ఎత్తిన బస్తా కాంటా మీద ఒకే తూకం చూపవచ్చు. మోసే హమాలీని అడిగితే మాత్రం రెండోది బరువెక్కిందని చెబుతాడు. ఆయన చెప్పేది అబద్ధమూ కాదు, అతిశయోక్తీ కాదు. కాంటా కొలిచేది బస్తాను. ఆయన కొలుస్తున్నది దాన్ని లేపడానికి తాను పెట్టవలసి వచ్చిన బలాన్ని. కండరం సంకోచించేటప్పుడు లోపల కలిగే ఈ రెండో కొలతనే శ్రమానుభూతి అంటారు. దీన్ని గుర్తించడం, అంకెలో చెప్పడం, ఆ అంకెను నమ్మి పని నడుపుకోవడం ఎవరైనా నేర్చుకోగలిగిన విద్య. హన్మకొండ మైదానాల్లో పోలీసు ఉద్యోగాల కోసం పరుగు తీసే యువతకు, భద్రకాళి చెరువు కట్ట మీద నడిచే పెద్దవారికి, ఇంట్లో పక్షవాతం వచ్చిన మనిషిని చూసుకునే కుటుంబానికి ఇది ఒకేలా ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఈ వివరాలు రాస్తున్నాను.

కావలసిన సామాన్లు తక్కువే. ఒకే రకం ప్లాస్టిక్ బకెట్లు రెండు, ఒక లీటరు నీళ్ల సీసా, ఒక టీ గ్లాసు, సెకన్ల ముల్లున్న గడియారం, ఒక నోటుపుస్తకం, సాయానికి ఒక మనిషి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి కాబట్టి వేరే తూకపు రాళ్లు అక్కరలేదు.

మొదటి మెట్టు: అనుభూతులను వేరుచేయడం

శ్రమను కొలవబోయిన వారిలో ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. నొప్పినో ఆయాసాన్నో కొలిచి, కొలిచింది శ్రమే అనుకుంటారు. మన ప్రాంతపు మాట ఈ విషయంలో మనకు ఎంతో సాయం చేస్తుంది. పిక్కలు గుంజుతున్నాయి అన్నప్పుడు మనం చెబుతున్నది నొప్పి గురించి. దమ్ము వస్తున్నది అన్నప్పుడు చెబుతున్నది ఊపిరి గురించి. తొడలు మండుతున్నాయి అంటే కండరంలో పేరుకున్న రసాయనాలను అక్కడి సన్నని నాడులు పసిగట్టాయని అర్థం. ఇక సాతనైతలేదు అనే మాట వీటన్నిటికంటే వేరు. ఎంత బలం పెట్టినా పని కదలడం లేదని అది చెబుతుంది. మనకు కావలసిన అనుభూతి ఈ చివరి మాటకు దగ్గరగా ఉంటుంది. అందుకే శ్రమను అడిగేటప్పుడు ‘ఎంత నొప్పిగా ఉంది’ అనో ‘ఎంత అలసిపోయారు’ అనో అడగకండి. ‘ఇప్పుడు ఎంత బలం పెడుతున్నారు’ అని అడగండి. ప్రశ్న మారితే జవాబు మారుతుంది.

వేరుచేయడం అలవాటు కావడానికి గోడకుర్చీని మించిన సాధన నాకు తెలియదు. బడిలో శిక్షగా వేయించిన ఆ గోడకుర్చీయే. వీపును గోడకు ఆనించి, తొడలు నేలకు సమాంతరంగా వచ్చేవరకు జారి, ఊపిరి బిగబట్టకుండా అలాగే ఉండండి. ప్రతి 15 సెకన్లకు మీ సహాయకుడు మూడు ప్రశ్నలు వేయాలి: మంట ఎంత, ఆయాసం ఎంత, బలం ఎంత పెడుతున్నారు. మూడింటికీ విడివిడిగా సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పండి. మొదటి అర నిమిషంలో మూడూ కలిసి వస్తున్నట్టే ఉంటుంది. ఆ తరువాత మంట ఒక దారిన, బలం మరో దారిన పోవడం తెలుస్తుంది. ఆయాసం ఈ రెండింటి కంటే బాగా వెనుక ఉండిపోతుంది. లేచి నిలబడ్డ మరుక్షణం గమనించవలసినది ఇంకొకటి ఉంది. బలం పెట్టడం మానేశారు కాబట్టి శ్రమ ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది, మంట మాత్రం కొంతసేపు నిలిచి ఉంటుంది. ఈ తేడా ఒక్కసారి ఒంటికి తెలిస్తే మళ్లీ మరచిపోవడం ఉండదు. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మోకాళ్ల అరుగుదల ఉన్నవారు ఈ సాధన చేయవద్దు.

ఈ అనుభూతి ఎక్కడ పుడుతుంది

కొలత నమ్మదగినదని తెలియాలంటే దాని పుట్టుక కొంత తెలియాలి. కండరం కదలాలంటే మెదడు పైపొరలో కదలికలను నడిపే భాగం నుంచి ఆజ్ఞ బయలుదేరి, వెన్నుపాము మీదుగా కండరానికి చేరాలి. ఆ ఆజ్ఞ వెళ్లేటప్పుడే దాని నకలు ఒకటి మెదడులోనే అనుభూతులను చూసే భాగాలకు అందుతుంది. కార్యాలయం నుంచి ఉత్తర్వు బయటికి పోతూ, నకలు దస్త్రంలో ఉండిపోయినట్టు. ఎంత పెద్ద ఆజ్ఞ పంపామన్నది ఆ నకలును బట్టి మెదడుకు తెలుస్తుంది. శ్రమగా మనం అనుభవించేది ప్రధానంగా దాన్నే. 1950లో జర్మనీలో ఫాన్ హోల్స్ట్, మిటెల్‌స్టెట్ ఈ నకలు భావనను ప్రతిపాదించారు. అదే ఏడాది అమెరికాలో రోజర్ స్పెర్రీ వేరుగా ఇదే ఆలోచనకు వచ్చాడు.

దీనికి బలమైన సాక్ష్యం ఆస్ట్రేలియా పరిశోధకులు గాండీవియా, మక్లాస్కీ 1977లో ప్రకటించిన ప్రయోగాల్లో కనిపిస్తుంది. కండరాలను పాక్షికంగా చచ్చుబరిచే క్యురారే మందు ఇచ్చి బరువులు ఎత్తించినప్పుడు, అవే బరువులు ఎక్కువ బరువుగా తోచాయి. బరువు మారలేదు, కండరం బిగువూ పెరగలేదు. బలహీనపడిన కండరంతో అదే పని చేయించడానికి మెదడు పంపిన ఆజ్ఞ మాత్రం పెద్దదైంది. అలాగే నడుము దగ్గర మత్తు ఇచ్చి కాళ్ల నుంచి వచ్చే సంకేతాలను అడ్డుకుని సైకిలు తొక్కించిన ప్రయోగాల్లో శ్రమ తగ్గలేదు, కొన్నిటిలో పెరిగింది కూడా. కండరాల నుంచి వెనక్కు వచ్చే సంకేతాలకు కూడా ఇందులో పాలు ఉందనే పరిశోధకులు ఈనాటికీ ఉన్నారు. బరువు, బిగువు అనే అనుభూతుల విషయంలో వారి వాదన బలమైనదే. ‘ఎంత బలం పెడుతున్నాను’ అనే ప్రశ్నకు జవాబు మాత్రం ఆజ్ఞ నుంచే ఎక్కువగా వస్తుందన్న పక్షం నాకు సబబుగా తోస్తుంది. మన హమాలీ మాట కూడా ఆ పక్షాన్నే సమర్థిస్తున్నది.

రెండో మెట్టు: మీ కొలబద్దను తయారుచేసుకోవడం

స్వీడన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1960ల నుంచి ఈ పని మీదే కృషి చేశాడు. ఆయన మొదటి కొలబద్ద 6 నుంచి 20 వరకు ఉంటుంది. ఆ అంకెను పదితో హెచ్చిస్తే ఆరోగ్యవంతుడైన నడివయసు మనిషి గుండె వేగం సుమారుగా వస్తుందన్నది దాని వెనుక ఆలోచన; 13 అంటే నిమిషానికి 130 చుట్టుపక్కల. తరువాత 1980ల మొదట్లో ఆయన సున్నా నుంచి పది వరకు ఉండే మరో కొలబద్దను ఇచ్చాడు. ఇంట్లో వాడుకోవడానికి ఈ రెండోదే అనువైనది.

నోటుపుస్తకం మొదటి పేజీలో ఆ అంకెలను నిలువుగా రాసి, పక్కన మాటలు రాయండి. సున్నా దగ్గర ఏమీ లేదు, 1 దగ్గర చాలా తేలిక, 2 దగ్గర తేలిక, 3 దగ్గర ఒక మాదిరి, 5 దగ్గర కష్టం, 7 దగ్గర చాలా కష్టం, 10 దగ్గర ఇంతకు మించి పెట్టలేను. మాటలు రాసి ఊరుకోకుండా ప్రతి మాట పక్కన మీ సొంత అనుభవం ఒకటి రాయడం ముఖ్యం. ఒకరికి 3 అంటే నిండు బిందెను చంకనెత్తుకుని పది అడుగులు వేయడం కావచ్చు, మరొకరికి చాలాకాలంగా వాడని బోరింగును కొట్టి నీళ్లు తేవడం 6 కావచ్చు. పదికి మాత్రం నిజంగా ఒంట్లోని బలమంతా పెట్టిన సందర్భాన్నే గుర్తుచేసుకుని రాయాలి. బురదలో దిగబడిన ట్రాక్టరు ట్రాలీని నెట్టిన రోజు లాంటిది. పది ఏమిటో తెలియని మనిషికి ఐదు కూడా తెలియదు.

మరొక మెలకువ అవసరం. 5 అంటే పెట్టగలిగిన బలంలో సగం అని అనుకోకండి. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్. ఎస్. స్టీవెన్స్ పిడికిలి బిగింపు మీద చేసిన పరిశీలనల ప్రకారం, బలంతో పాటు అనుభూతి సమానంగా పెరగదు, అంతకంటే వేగంగా పెరుగుతుంది. ఆయన లెక్కను అనుసరిస్తే బలం రెట్టింపైనప్పుడు అనుభూతి మూడు రెట్లు దాటుతుంది. కాబట్టి కొలబద్ద పై భాగంలో చిన్న బరువు చేర్చినా అంకె చాలా ఎక్కి కూర్చుంటుంది.

మూడో మెట్టు: బకెట్లతో నాలుగు పరీక్షలు

ఈ మెట్టు మీద తొందరపడకండి. రెండు మూడు రోజులు తీసుకున్నా ఫరవాలేదు, ఎందుకంటే అంకె మీద నమ్మకం కుదిరేది ఇక్కడే.

మొదట మీ సున్నితత్వాన్ని చూసుకోండి. రెండు బకెట్లలోనూ నాలుగేసి లీటర్ల నీళ్లు పోయండి. మీరు కళ్లు మూసుకున్నాక సహాయకుడు ఒక బకెట్లో మరికొన్ని నీళ్లు కలపాలి. ఒకే చేత్తో ఒకదాని తరువాత ఒకటి ఎత్తి ఏది బరువో చెప్పండి. 1834లో జర్మన్ శాస్త్రవేత్త వెబర్ చూపింది ఏమిటంటే, మనిషి గుర్తించగలిగే కనీస తేడా మొత్తం బరువును బట్టి మారుతుంది. చేత్తో ఎత్తే బరువుల్లో అది దాదాపు 40లో ఒక వంతు. నాలుగు లీటర్లకు లెక్క వేస్తే వంద మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసెడు. ఇంట్లో అంత సూక్ష్మంగా రాకపోవచ్చు. అర లీటరు తేడాను మాత్రం దాదాపు అందరూ పట్టుకుంటారు. ఎన్నిసార్లు సరిగా చెప్పారో రాసుకోండి.

రెండోది నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే పరీక్ష. ముందుగా రెండు చేతులూ తాజాగా ఉన్నప్పుడు కుడిచేతి బకెట్లో మూడు లీటర్లు పోసి, మోచేయి లంబకోణంలో మడిచి పట్టుకోండి. ఎడమచేతి బకెట్లో సహాయకుడు గ్లాసు గ్లాసుగా నీళ్లు పోస్తూ పోవాలి. రెండు చేతులూ సమానంగా బలం పెడుతున్నాయని తోచగానే ఆపించి, ఎడమ బకెట్లో ఎన్ని నీళ్లున్నాయో కొలవండి. రోజూ వాడే చెయ్యి బలమైనది కాబట్టి రెండు బకెట్లూ సమానం కాకపోవచ్చు. ఆ తేడాను రాసుకోండి, అదే మీ మొదటి లెక్క. పది నిమిషాల విశ్రాంతి తరువాత కుడిచేత్తో అదే మూడు లీటర్ల బకెట్‌ను పట్టుకుని, శ్రమ అంకె 7కు చేరేవరకు ఉండండి. అంతసేపూ ఎడమచేయి ఖాళీగా ఉండాలి. ఏడు చేరగానే, కుడిచేయి దించకుండానే ఎడమచేత్తో రెండో బకెట్ పట్టుకుని మళ్లీ నీళ్లు పోయించి సమానం చేయండి. ఈసారి ఎడమ బకెట్‌లో మొదటి లెక్క కంటే ఎక్కువ నీళ్లు పడతాయి. కుడిచేతిలో ఉన్నది అదే మూడు లీటర్లు. అలసిన కండరంతో దాన్ని నిలపడానికి మెదడు ఎక్కువ ఆజ్ఞ పంపవలసి వస్తున్నది, తాజా చేయి ఆ ఆజ్ఞకు సమానమైన ఆజ్ఞతో ఎక్కువ బరువు మోస్తున్నది. 1974లో మక్లాస్కీ, ఆయన సహచరులు ప్రయోగశాలలో చూపింది సారాంశంలో ఇదే. మధ్యాహ్నపు బస్తా బరువెక్కడాన్ని మీరు మీ ఇంటి వాకిట్లో లీటర్లలో కొలిచినట్టే.

మూడో పరీక్ష ఎత్తడానికి, దించడానికి ఉన్న తేడా గురించి. మీకు 5 అనిపించే బరువును మూడు సెకన్లలో పైకి మడవండి, మూడు సెకన్లలో దించండి, రెండింటికీ వేరువేరు అంకెలు చెప్పండి. దించేటప్పుడు అంకె తక్కువ వస్తుంది. సాగుతూ బిగుసుకునే కండరం, కుదించుకుంటూ బిగుసుకునే కండరం కంటే ఎక్కువ బలాన్ని ఇవ్వగలదు కాబట్టి అదే బరువుకు తక్కువ కండరపోగులు చాలుతాయి, ఆజ్ఞా చిన్నదవుతుంది. అయితే మరుసటి రోజు నొప్పులు తెచ్చేది ఎక్కువగా ఈ దించే పనే. హన్మకొండలో పద్మాక్షి గుట్ట ఎక్కేటప్పుడు ఆయాసపడి, దిగేటప్పుడు హాయిగా ఉందనుకున్నవారికి తొడలు మర్నాడో ఎల్లుండో పట్టేయడానికి కారణం ఇదే. శ్రమ తక్కువగా తోచిన పని ఒంటికి తక్కువ పని అని తీర్మానించకూడదని ఈ పరీక్ష నేర్పుతుంది.

నాలుగోది చిన్నది. ఒకే తూకమున్న రెండు వస్తువులు, ఒకటి పెద్ద సంచి, ఒకటి చిన్న డబ్బా, తీసుకుని ఎత్తి చూడండి. చిన్నదే బరువుగా తోస్తుంది. 1891లో ఫ్రాన్సుకు చెందిన షార్పాంతియే వివరించిన భ్రమ ఇది. పత్తి బోరెం చూపుకు భయపెట్టి చేతికి తేలికగా తగలడం, అంతే తూకమున్న చిన్న బస్తా చేతిని లాగేయడం మనవాళ్లకు తెలిసిన సంగతే. అంకె చెప్పే ముందు వస్తువు ఆకారం మీ అంచనాను లాగుతున్నదేమో చూసుకోండి.

నాలుగో మెట్టు: సాధనలో వాడుకోవడం

బరువులతో సాధన చేసేవారికి సులువైన పద్ధతి, ‘ఇంకా ఎన్నిసార్లు చేయగలను’ అని తమను తాము అడగడం. ఇంకా రెండు సార్లు చేయగలిగితే శ్రమ 8, మూడు సార్లయితే 7. కొత్తవారు తమలో మిగిలిన శక్తిని తక్కువ అంచనా వేస్తారు. చివరి హద్దుకు దగ్గరయ్యేకొద్దీ అంచనా నిజానికి దగ్గరవుతుంది. మొదటి నెల ఈ అంకెను పూర్తిగా నమ్మకుండా, వారానికి ఒకసారి తేలికపాటి బరువుతో, పక్కన మనిషి ఉండగా, ఆగిపోయేవరకు చేసి సరిచూసుకోవడం మంచిది.

కానిస్టేబుల్ ఎంపికలో మగవారికి 1600 మీటర్లు, ఆడవారికి 800 మీటర్ల పరుగు ఉంటుంది. ఈ పరుగుకు సిద్ధమయ్యే పిల్లలు రోజూ ప్రాణం పెట్టి పరుగెత్తడం, మూడో వారానికి పిక్కలు పట్టి పడిపోవడం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. వారికి చెప్పదలచింది ఇది: అమెరికా పరిశోధకుడు కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్కను వాడుకోండి. సాధన ముగిశాక అరగంటకు మొత్తం సాధనకు కలిపి ఒక అంకె వేసుకుని, నిమిషాలతో హెచ్చించండి. నలభై నిమిషాల తేలిక పరుగుకు 4 వేస్తే 160. ఇరవై ఐదు నిమిషాల వేగపు పరుగుకు 8 వేస్తే 200. తక్కువ సేపు చేసినది ఎక్కువ భారమని ఆ లెక్క చూపిస్తుంది. వారం మొత్తాన్ని కూడి, తరువాతి వారం దాన్ని కొద్దికొద్దిగా మాత్రమే పెంచండి. వారంలో ఎక్కువ రోజులు 3, 4 దగ్గరే ఉండాలి. 8 దాకా పోయే రోజులు ఒకటి రెండు చాలు. ఒకే దూరం, ఒకే సమయం ఉన్న పరుగుకు గత వారం 5 వేసి ఈ వారం 7 వేశారంటే, ఆ రోజు పట్టుదల చూపవలసిన రోజు కాదు, తగ్గించవలసిన రోజు.

అంకెను కదిలించే సంగతులు

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో అదే వేగానికి శ్రమ పెరుగుతుంది. గడియారాన్ని బట్టి కాక అంకెను బట్టి వేగం తగ్గించుకోండి. మెదడు అలసట సంగతి అంతకంటే తక్కువమందికి తెలుసు. 2009లో సామ్యూల్ మార్కోరా బృందం 90 నిమిషాలు ఏకాగ్రతతో మెదడుకు పని పెట్టి తరువాత సైకిలు తొక్కించినప్పుడు, గుండె వేగంలో, కండరాల పనిలో ఆగిపోవడానికి కారణం కాగల తేడా కనిపించకపోయినా, శ్రమ ఎక్కువగా తోచి, వారు దాదాపు 15 శాతం ముందుగానే ఆగిపోయారు. రాత్రంతా పోటీ పరీక్షకు చదివి తెల్లవారి మైదానానికి వచ్చే అభ్యర్థి కాళ్లు బరువెక్కడం బద్ధకం కాదు.

కెఫీన్ శ్రమ అంకెను కొద్దిగా తగ్గిస్తుందని చాలా అధ్యయనాలు చూపాయి, కాని వాటిలో ఇచ్చినది సాధారణంగా కిలో శరీర బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు. హోటల్ చాయ్ చిన్న కప్పులో ఉండేది అందులో స్వల్ప భాగం. ఇక భక్తి, పట్టుదల, పందెం వంటివి ఎక్కువగా మార్చేది శ్రమను కాదు, ఎంత శ్రమ పడడానికి ఒప్పుకుంటామన్న హద్దును. మేడారం జాతరకు బెల్లం దిమ్మ నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి ఆ శ్రమను అనుభవించడం లేదని చెప్పలేం. ఆమె దాన్ని ఒప్పుకుంది.

రక్తపోటు, గుండె మందులు వాడేవారికి

అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు గుండె వేగాన్ని పెరగనీయవు. ఆ మందులు వేసుకుని నాడి చూసుకుంటూ నడిచేవారు మోసపోతారు. వారికి శ్రమ అంకే మెరుగైన దారి. డాక్టరు వేరే చెప్పకపోతే 3, 4 మధ్య, మాట్లాడగలిగేలా నడవడం చాలు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది కాబట్టి ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. ఛాతీలో నొక్కినట్టుండడం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమటలు కనిపిస్తే అంకెల లెక్క అక్కడే ఆపి 108కు ఫోన్ చేయండి.

పక్షవాతం వచ్చిన మనిషి దగ్గర

ఈ రాతలో నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన భాగం ఇది. పక్షవాతం తరువాత చెయ్యి బండరాయిలా ఉందని మనిషి చెబుతాడు. ఇంట్లోవారు ప్రేమతోనే ‘కొంచెం గట్టిగా లేపరాదా’ అంటారు. ఆ చెయ్యి ఒక అంగుళం మాత్రమే లేచినప్పుడు ఆయన పెట్టిన బలం 9 అయి ఉండవచ్చని వారికి తెలియదు. నార్వే నాడీశాస్త్రవేత్త ఆల్ఫ్ బ్రోడల్ స్వయంగా పక్షవాతానికి గురై, 1973లో తన అనుభవాన్ని శాస్త్రవ్యాసంగా రాశాడు. బలహీనపడిన కండరాన్ని కదిలించడానికి మానసికంగా ఎంత శక్తి ఖర్చయ్యేదో అందులో వివరంగా చెప్పాడు. క్యురారే ప్రయోగంలో కండరం వైపు లోపం ఉంది, ఇక్కడ ఆజ్ఞ పోయే దారిలో లోపం ఉంది. రెండుచోట్లా చిన్న కదలికకు పెద్ద ఆజ్ఞ కావాలి.

ఫిజియోథెరపిస్టు చెప్పిన కదలికల్లో ఒకదాన్ని ఎంచుకోండి, ఉదాహరణకు బల్ల మీద ఉన్న చేతిని మణికట్టు దగ్గర లేపడం. ముందు బాగున్న చేత్తో చేయించి అంకె అడగండి, తరువాత బలహీనమైన చేత్తో. మాట రానివారు బాగున్న చేతి వేళ్లతో చూపవచ్చు, లేదా గోడకు అంటించిన కాగితం మీది అంకెను తాకవచ్చు. అంకె 7 చేరితే ఆపి, అది పూర్తిగా దిగేవరకు కూర్చోనివ్వండి. రోజుకు ఒకసారి ఎక్కువసేపు చేయించడం కంటే కొద్దిసేపు చొప్పున నాలుగైదు సార్లు చేయించడం ఇటువంటివారికి అనువుగా ఉంటుంది. తేదీ, కదలిక, ఎంత లేచింది, అంకె ఎంత అనే నాలుగు గడులను రోజూ ఒకే వేళలో నింపండి. మూడు వారాల తరువాత కూడా చెయ్యి అదే ఒక్క అంగుళం లేస్తూ ఉండవచ్చు. 9గా మొదలైన అంకె 6కు దిగి ఉంటే, ఆజ్ఞకు దారి తెరుచుకుంటున్నదని అర్థం. ఆ పేజీని తరువాతిసారి ఆసుపత్రికి తీసుకువెళ్లి డాక్టరుకు చూపండి, అంతకంటే ముందు ఆ మనిషికి చూపండి.